తూము మీద కూచున్న అల్లుడు

కాదు, అనుమానం తూము దగ్గర మొదలవలేదు. అంతకు చాలా ముందే ఉంది. ఆ పరంగోడు ఊళ్ళోకి వొచ్చిన మొదటి రోజు, మెట్ల కింద కాళ్ళు కడుక్కోడానికి పెట్టిన బానలోంచి కొబ్బరిచిప్పతో నీళ్ళు ముంచుకుని గటగటా తాగేశాడు చూడు, అప్పుడే ఖంబైకి అనుమానం పట్టుకుంది. కాళ్ళ నీళ్ళు తాగి నవ్వుతున్నాడంటే వీడు ఇంకేం చెయ్యడు అనుకుంది.

ఖంబైకి అప్పటికి అరవై ఆరేళ్ళు. మొగుడు ఎప్పుడో పోయాడు. కొడుకు సీతోన్ పోయి తొమ్మిదేళ్ళు. ఊరవతల కాలవ తూము దగ్గర, తలుపులు ఎత్తిన రోజున, చిక్కుకున్న వల విడిపిద్దామని దిగినవాడు మళ్ళీ పైకి రాలేదు. ఇరవై రెండేళ్ళవాడు, ఎడంచేతివాటం. ఇంక మిగిలింది కూతురు ఉరై ఒక్కతే. అది సముద్రం పక్క పట్నంలో, హోటల్లో దుప్పట్లు మార్చే పని చేసి చేసి, నలభై దగ్గర పడుతుండగా ఈ పరంగోణ్ణి పెళ్ళి చేసుకుని ఇంటికి తీసుకొచ్చింది. పోలండ్ అని ఏదో చలిదేశం వాడంట. వడ్రంగి అంట. వాడి పేరు ఊళ్ళో ఎవరి నోరూ తిరగలేదు. అందరూ పరంగోడు అనేశారు. ఖంబై అదీ అనేది కాదు. ఎదురుగా ఉంటే "ఇదుగో" అనేది. లేకపోతే ఉరైతో "మీవాడు" అనేది.

పొద్దున కోడి కుయ్యకముందే ఖంబై లేస్తుంది. నానబెట్టిన జిగురుబియ్యం వెదురుబుట్టలో పోసి ఆవిరికి పెడుతుంది. ఉడికిన అన్నాన్ని చెక్కపళ్ళెంలో పొర్లించి, ఆవిరి పోగొట్టి, మూతబుట్టలో పెట్టేసరికి భిక్షుసాములు వీధిలోకి వొస్తారు. వాళ్ళకి తలా ఒక ముద్ద వేసి, గేదెని విప్పి, స్తంభాల మీద లేపిన ఇంటి కింద మగ్గం ముందు కూచుంటుంది. అప్పటికి పరంగోడు లేస్తాడు. గుమ్మానికి తల కొట్టుకుంటాడు. రోజూ కొట్టుకుంటాడు. ఆ దబ్బుమనే చప్పుడు విని పక్కింటి లముల్ పొయ్యిమీదనించి కూరకుండ దించేది, టైం అయిందని.

కిందకి దిగి వాడు చెంచా అడుగుతాడు. జిగురన్నం చేత్తో ముద్ద చేసుకుని తినాలిగానీ చెంచాతో తినేదేంటి? మాగబెట్టిన చేప గిన్నె మూత తీస్తే అటు తిరిగి ఊపిరి బిగబట్టేవాడు. వాడికొచ్చిన మాటలు నాలుగు: అమ్మ, అన్నం, వేడి, బావుంది. అన్నం వేడిగా ఉన్నా వేడి, ఎండ వేడిగా ఉన్నా వేడి. ఏమన్నా అడిగితే బావుంది.

ఇంతవరకూ అయితే ఖంబై ఓర్చుకునేదే. వాడు కొలుస్తాడు, అదీ సంగతి. జేబులోంచి కొలిచే పట్టీ తీసి మెట్లు కొలుస్తాడు. స్తంభం కొలుస్తాడు. ఖంబై మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కుతుంటే వెనకనించి ఆమె కాళ్ళకేసి చూసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటాడు.

"మీవాడు ఏం రాస్తున్నాడే?" అని అడిగింది కూతుర్ని.

"ఏమోనమ్మా. చెక్కపని గురించి అయ్యుంటుంది."

"ఇల్లు విప్పి పట్టుకుపోతాడా? నిన్ను పట్టుకుపోతాడా? ఏదో ఒకటి లేకుండా కొలవడు మనిషి."

"నన్ను కొలవడానికి పట్టీ ఎందుకమ్మా, పెళ్ళి చేసుకున్నాడు గదా," అని నవ్వేది ఉరై.

ఖంబై నవ్వేది కాదు. ఆదివారం ఆదివారం వాడు ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడేవాడు. ఖంబై కింద నూలు చిక్కు తీస్తున్నట్టు కూచుని పైకి చెవి పెట్టేది. ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కాకపోయినా వినేది. ఎప్పుడు బయలుదేరతారో, కూతుర్ని ఎప్పుడు లాక్కుపోతాడో, ఆ మాటల్లో దొరక్కుండా పోతుందా అని. అవతల ముసలావిడ ఎత్తుకోవడమే ఒకటే మాటతో ఎత్తుకునేది. దోమ పోయినట్టు సన్నగా మొదలయ్యి చివర చల్లగా సాగేది ఆ మాట. తరవాతంతా గలగలా.

పక్కింటి లముల్‌తో చెప్పుకుందామంటే మాటల్లేవు. తొమ్మిదేళ్ళుగా లేవు. ఖంబైకి వెండి సున్నపుడబ్బీ ఒకటి ఉండేది, అమ్మమ్మ నాటిది. సీతోన్ పోవడానికి నెల ముందు అది కనపడకుండా పోయింది. ఆ రోజు ఇంట్లోకొచ్చింది లముల్ ఒక్కతే. "నువ్వు తియ్యలేదూ?" అంది ఖంబై. అంతే. మధ్యలో కంచె లేచింది. అప్పట్నించీ లముల్ ఏమన్నా చెప్పాలంటే తన కోళ్ళతో చెప్పేది, కంచె దాటి వినపడేట్టు. ఖంబై తన గేదెతో చెప్పేది. ఊళ్ళో వాళ్ళకి అలవాటైపోయింది.

వాన ఇంకా పడని రోజుల్లో ఒకనాడు పరంగోడు చెక్కలు వేసుకుని బండి మీద వొస్తూ తూము వంతెన మీద జారాడు. బండి గట్టు మీద పడింది, వాడు నీళ్ళల్లో పడ్డాడు. దెబ్బ తగల్లేదు. నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. రావడమైతే వొచ్చాడుగానీ, మనిషి వొచ్చాడంతే. కూచోబెట్టిన చోట కూచుంటాడు. అన్నం పెడితే అన్నం వైపు చూస్తాడు. చెంచా అడగడు, వేడి అనడు. గుమ్మానికి తల కొట్టుకోవడం కూడా మానేశాడు, లేస్తే గదా కొట్టుకోడానికి.

ఇందులో వైద్యుడు చూసేది ఏముంది? జడుపుకి జీవుడు కాలవలో పడిపోయాడు, మనిషి ఖాళీగా వొచ్చాడు. అలాంటప్పుడు పడిన చోటికి వెళ్ళి చేతివలతో జీవుణ్ణి పట్టి తేవాలి. ఆ ఊళ్ళో ఆ పనికి ఖంబై చెయ్యే మంచిది. ఎంతమందికి పట్టిందో లెక్కలేదు. చెట్టు మీంచి పడ్డ పిల్లల జీవుడు వలలో తడిసిన ఆకంత ఉంటాడు. పెద్దవాళ్ళదయితే కోడిగుడ్డంత బరువు. వల ఎత్తగానే చేతికి తెలుస్తుంది.

"అమ్మా, నువ్వే వెళ్ళాలి," అంది ఉరై.

"తూము దగ్గరకా?"

ఉరై తల దించుకుంది. తొమ్మిదేళ్ళల్లో ఖంబై తూము వైపు అడుగు పెట్టలేదు. పొలానికి వెళ్ళాలన్నా వెదురుపొదల వెనకనించి చుట్టు తిరిగి పోయేది.

"వేరేవాళ్ళని పంపనా?"

"వేరేవాళ్ళ చెయ్యి ఎలాంటిదో ఏమో," అని వల తీసుకుంది ఖంబై.

పరంగోడి చొక్కా ఒకటి, ఉడికించిన కోడిగుడ్డు, అన్నంముద్ద, అరటిపండు, ఇంత పువ్వు బుట్టలో పెట్టుకుని వెళ్ళింది. నీళ్ళు అడుక్కి ఉన్నాయి. తూము తలుపులు మూసే ఉన్నాయి. గట్టు మీద కూచుని వల నీళ్ళల్లో ముంచింది. పిలవాలి కదా ఇప్పుడు. ఏమని పిలవాలి? అల్లుడి పేరు నోటికి రాదు. ఏనాడూ రానివ్వలేదు. పరంగోడా అని జీవుణ్ణి పిలుస్తారా ఎవరన్నా? ఖంబై అలవాటు కొద్దీ, పిల్లలందర్నీ పిలిచినట్టే పిలిచింది.

"బిడ్డా, రా. నీళ్ళల్లో ఉండకు, చలి. అన్నం ఉంది, గుడ్డుంది. అమ్మ వొచ్చింది, ఇంటికి రా."

మూడుసార్లు పిలిచి వల ఎత్తింది. చెయ్యి పైకి రాలేదు. కొర్రమీను పడ్డట్టు బరువు. పైగా ఎడమవైపుకి లాగుతోంది. ఇంత పెద్ద మనిషికి ఇంత ఉంటుంది కామోసు అనుకుని, వల చొక్కాలో బోర్లించి, ముడేసి, గుండెకి ఆనించుకుని ఇంటికి తెచ్చింది. చొక్కా వాడికి తొడిగి, జీవుడు మళ్ళీ జారిపోకుండా చేతికి ఏడు తెల్లనూలు పోగులు కట్టింది.

మర్నాడు పొద్దున కూడా దబ్బుమన్న చప్పుడు వినపడలేదు. లముల్ ఇంట్లో కూర మళ్ళీ మాడింది. పరంగోడు తల వొంచుకుని గుమ్మం దాటి, మెట్లు దిగి, బాన దగ్గర కాళ్ళు కడుక్కుని, గొంతుక్కూచుని, బుట్ట మూత తీసి, ఎడంచేత్తో అన్నం ముద్ద చేసి మాగిన చేపలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

"కారం తగ్గిందేంటమ్మా?" అన్నాడు.

ఊళ్ళో యాసలో, ఊళ్ళో పుట్టినవాడిలాగా.

ఖంబైకి ఒళ్ళు మండిపోయింది. అంటే ఇన్నాళ్ళూ వీడికి మాటలన్నీ వొచ్చు! బావుంది బావుంది అంటూ ఇంట్లో అనుకున్నవన్నీ విన్నాడు. ఆమె వాణ్ణి ఏమేం తిట్టిందో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. చాలా ఉన్నాయి.

"చూశావా," అంది ఉరైతో, "ఎలాంటి దొంగో. నువ్వేమో అమాయకుడంటావు."

ఉరై మొగుడి మొహంకేసే చూస్తోంది.

పరీక్ష పెట్టాలనుకుంది ఖంబై. కొడవలి దాచేసి, "కొడవలేదీ?" అంది. "బాన వెనక పెట్టావు గదా," అన్నాడు. అది చూసి ఉండొచ్చు. గేదెని విప్పి వొదిలేసింది. అది ముసలిది, తుయ్ దాని పేరు, ఎవరు పిలిచినా రాదు. వాడు నాలిక మడిచి ఈల వేశాడు. తుయ్ చెరుకుతోట అవతలనించి పరుగెత్తుకుంటూ వొచ్చి వాడి చంక కింద తల దూర్చింది. ఆ ఈల విని తొమ్మిదేళ్ళయింది. ఖంబై చేతిలో నూలుకండె కిందపడింది. ఉరై నేర్పించి ఉంటుందిలే, అని సర్దుకుంది. ఉరైకి ఈల రాదు. ఆ సంగతి ఖంబైకి తెలుసు.

మూడోరోజు వాడు అటక కింద వెదురుదూలం దగ్గర నిలబడి, చెయ్యి పైకెత్తి, "ఇప్పుడు నిచ్చెన అక్కర్లేదు," అనుకుంటూ బొంగులో చెయ్యి పెట్టాడు. సాలెగూళ్ళతో సహా చిన్న గుడ్డమూట బయటకి తీసి ఖంబై ఒళ్ళో పెట్టాడు. విప్పితే వెండి సున్నపుడబ్బీ. మూత బందు విరిగి ఉంది.

"నా చేతిలోనే విరిగిందమ్మా. పట్నం పోయినప్పుడు అతికించుకొచ్చి పెడదామనుకున్నా. నువ్వు కేకలేస్తావని చెప్పలేదు."

అది ఇంకెవరికీ తెలిసే వీల్లేదు. ఖంబై డబ్బీ మూత తీసి, ఎండిపోయి రాయయిన సున్నం వేలితో తట్టింది. తరవాత ఎదురుగా ఉన్న నీలికళ్ళలోకి చూసింది.

"నాయనా," అంది.

"ఆఁ," అన్నాడు.

ఊళ్ళో పెద్ద వింతేం పడలేదు ఎవరూ. ఖంబై కొడుకు వొచ్చాడంట గదా అని అరటిగెలలు పట్టుకుని వొచ్చారు. సీతోన్, కాస్త పొడుగయ్యావురా అన్నారు. వాడితో చదువుకున్నవాళ్ళు చేపలకి రమ్మన్నారు. ఖంబై ఆ రెండు రోజులూ మగ్గం ముట్టలేదు. చీమగుడ్ల కూర చేసింది, కప్పలు కాల్చింది, బొప్పాయికాయ దంచింది. వాడు తింటుంటే విసనకర్రతో విసురుతూ కూచుంది. పరంగోడు తెచ్చిన చెక్కలు మెట్ల పక్కన ఎండలో వొంగిపోతున్నాయి. కొలిచే పట్టీ బాన మీద ఉంది. ఎవరూ తియ్యలేదు.

ఉరై మాత్రం వంటింట్లోంచి బయటకి రావడం మానేసింది.

"వాడు చాప హాల్లో పరుచుకుంటున్నాడమ్మా," అంది చివరికి.

"ఉక్కగా ఉంది గదా."

"నన్ను అక్కా అంటున్నాడు."

"మరి నువ్వు అక్కవే గదా వాడికి."

"నా మొగుడేడీ?"

ఖంబై మిరపకాయలు దంచుతూ తల ఎత్తలేదు. "ఉన్నాడు గదా ఎదురుగా. తింటున్నాడు, తిరుగుతున్నాడు. నిన్ను ఏ దేశానికీ పట్టుకుపోడు ఇంక. ఇంకేం కావాలి నీకు?"

ఉరై తల్లివైపు ఎప్పుడూ చూడని చూపు చూసింది. "ఇది నువ్వు కావాలని చేశావా అమ్మా?"

ఇన్నాళ్ళూ అందర్నీ అనుమానించిన మనిషిని కన్నకూతురు అనుమానించింది. ఖంబై కావాలని చెయ్యలేదు. కానీ వల బరువు చేతికి తెలిసినప్పుడు, ఎడమవైపు లాగినప్పుడు, నిజంగా ఏమీ అనిపించలేదా? తనని తాను అడగడానికి భయమేసి రోకలి గట్టిగా పట్టుకుంది.

ఆ సాయంత్రం కంచె అవతల లముల్ కోళ్ళకి నూక చల్లుతూ గొంతు పెంచింది.

"ఏమే ఎర్రకోడీ, పక్కింటి పరంగల్లుడు అయిదురోజులనించీ తూము మీద కూచున్నాడే. ఎండనక, మంచనక. పోయేవాళ్ళందరికీ దణ్ణాలు పెడుతున్నాడు. నిన్న చూస్తే వాడి వెనకనున్న రెల్లు వాడిలోంచి కనపడుతోందే, అంత పల్చబడ్డాడు. ఎల్లుండి పొద్దున కాలవ లస్కరు తూము తలుపులెత్తుతాడంట నాట్లకి. నీళ్ళొస్తే కొట్టుకుపోతాడే పాపం. ఆవిడగారికి ఎవరన్నా చెప్పారంటావా?"

ఖంబై గేదె వైపు తిరిగి నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. లోపలికి వెళ్ళి, వెండిడబ్బీ తీసుకుని, కంచె చుట్టూ తిరిగి లముల్ గుమ్మం ముందు నిలబడింది.

లముల్ డబ్బీ చూసింది. ఖంబైని చూసింది. చేతిలో నూకలు ఉన్నచోటే ఒలికిపోయాయి.

"ఎక్కడ దొరికింది వొదినా?"

"మా ఇంట్లోనే. వాడే దాచాడు."

"తొమ్మిదేళ్ళు కోళ్ళతో మాట్లాడించావు నన్ను. వాటికి నా కష్టసుఖాలన్నీ తెలిసిపోయినై. కోసుకు తినడానికి కూడా మొహం చెల్లట్లేదు."

"తిట్టు. తిట్టాలనే వొచ్చా."

"తరవాత తిడతాలే, ఎక్కడికి పోతావు. ముందు తమలపాకు తీయ్." ఇద్దరూ గడపమీద కూచుని నమిలారు. కాసేపటికి లముల్ అంది, "ఏమని పిలిచావు వొదినా, తూము దగ్గర?"

"బిడ్డా అని. అమ్మ వొచ్చింది, రా అని."

"నువ్వు బిడ్డా అంటే ఎవడొస్తాడు? నీ బిడ్డే వొస్తాడు. నీ అల్లుడి పేరేంటి?"

ఖంబై నేలకేసి చూసింది.

"ఏడాది అన్నం పెట్టావు," అంది లముల్. "పేరు తెలీదూ?"

మర్నాడు పొద్దెక్కాక ఖంబై తూము దగ్గరకి వెళ్ళింది. వాడు నిజంగానే ఉన్నాడు. సిమెంటు దిమ్మ మీద, బట్టలు తడిగా, ఎండలో నీటి ఆవిరిలాగా. కొలిచే పట్టీ లేదు, అందుకని జానలతో తూము మెట్లు కొలుస్తున్నాడు. ఆమెని చూసి లేచి దణ్ణం పెట్టాడు.

"అమ్మ," అన్నాడు. "వేడి."

"వేడే," అంది ఖంబై.

వాడు ఆమె మోకాలు చూపించాడు. మొహం బాధగా పెట్టి చూపించాడు. తరవాత తూము మెట్టు ఎత్తు చెయ్యి పెట్టి చూపించి, తల అడ్డంగా ఊపాడు. అందులో సగం ఎత్తుకి చెయ్యి దించి, "అమ్మ. బావుంది," అన్నాడు. పక్కనించి పట్టుకుని ఎక్కే కర్ర ఉన్నట్టు గాల్లో చెయ్యి జార్చి మళ్ళీ అన్నాడు, "బావుంది."

ఏడాదినించీ ఆమె కాళ్ళకేసి చూస్తున్నది అందుకు. రాసుకుంటున్నది అది. ఖంబై అక్కడే గట్టుమీద కూచుంది. తెచ్చిన అన్నంముద్ద వాడి చేతిలో పెడితే చేతిలోంచి జారి దిమ్మ మీద పడింది.

"పిల్లి పేరో కుక్క పేరో అయినా పలికేదాన్ని, నీ పేరే పలకలేదు," అంది. వాడికి అర్థం కాలేదు. బావుంది అన్నాడు.

ఇంటికొచ్చి ఉరైని అడిగింది. "మీవాడి పేరు చెప్పు."

"ఇప్పుడా?"

"చెప్పు."

"గ్జెగోష్."

"గెజో... జెగో... అది పేరేనా, గొంతులో ముల్లు దిగినట్టుంది. వాళ్ళమ్మ ఫోనెత్తగానే అది కాదే, ఇంకేదో అంటుంది. దోమ పోయినట్టు."

ఉరై కళ్ళు పెద్దవి చేసింది. "నువ్వు విన్నావా? గ్జెషూ అంటుంది. ముద్దుపేరు."

"గ్జెషూ," అంది ఖంబై. తప్పు. "గెషూ." తప్పు. ఉరై నవ్వుతూ ఏడుస్తూ పళ్ళు ఎలా కలపాలో చూపించింది. ఆ పూటంతా ఖంబై గడ్డి కోస్తూ అదే అంది, నీళ్ళు తోడుతూ అదే అంది. కంచె అవతల లముల్ కూడా అంది. వాళ్ళ కోళ్ళు బెదిరి గూట్లో దూరాయి.

మధ్యాన్నం సీతోన్ ఇంటి కింద తుయ్‌ని ఆనుకుని వల అల్లుతున్నాడు, ఎడంచేత్తో. ఖంబై ఎదురుగా పీట వేసుకుంది.

"నాయనా. నువ్వెవరి ఒంట్లో ఉన్నావో తెలుసా?"

"తెలీకేం. చేతులు పొడుగు, వొంగకపోతే తల గుమ్మానికి తగుల్తుంది. బాగానే ఉందిలే, వెచ్చగా ఉంది." వల పక్కన పెట్టాడు. "అక్కా అంటే అక్క ఏడుస్తోంది."

"ఆఁ."

"నువ్వు పిలిచావని వొచ్చానమ్మా. తొమ్మిదేళ్ళల్లో ఒక్కసారి పిలవలేదు."

"పోయినవాళ్ళని పిలవకూడదన్నారు రా."

"తూము దాకా కూడా రాలేదు. నువ్వు వెదురుపొదల వెనకనించి పోతుంటే కనపడేదానివి. ఎవరన్నా ఏమన్నా అన్నారేమో, నామీద కోపమేమో అనుకున్నా. డబ్బీ సంగతి తెలిసిపోయిందేమో అనుకున్నా."

ఖంబై వాడి పెద్ద చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. దాని మీద ఎర్రగా వడ్రంగిపని కాయలు. మణికట్టు మీద ఏడు తెల్లనూలు పోగులు. "కోపం కాదు నాయనా. వస్తే దూకేస్తానని భయం." గోటితో మొదటి ముడి పట్టుకుంది. "నేను చేస్తున్నది నీకు తెలుసు గదా?"

"తెలుసు. చెయ్యి."

ఒక్కో ముడీ విప్పింది. కొయ్యలేదు, కొయ్యకూడదు. ఆరు విప్పింది. ఏడోదాని దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. ఎంతసేపు కూచున్నారో, తుయ్ రెండుసార్లు లేచి పడుకుంది.

"అది ఉంచమ్మా," అన్నాడు సీతోన్. "నేనే విప్పుకుంటా. రేపు, నువ్వు బియ్యం ఆవిరికి పెట్టకముందే."

"అన్నం తిని పో."

"తింటే పోలేను."

పొద్దు వాలుతుండగా ఖంబై మళ్ళీ తూము దగ్గరకి వెళ్ళింది. ఈసారి లముల్ వెంట వొచ్చింది, బుట్ట పట్టుకుని, తిడతానన్న తిట్లన్నీ దారిపొడుగునా తిడుతూ. తూము మీద వాడు ఉన్నాడో లేడో తెలియనంత పల్చగా ఉన్నాడు. ఖంబై వల ముంచింది. మొదటిసారి పేరు తప్పు పలికింది. నీళ్ళు కదల్లేదు. రెండోసారీ తప్పే. లముల్ తిట్టడం ఆపి చెయ్యి పట్టుకుంది. ఖంబై కళ్ళు మూసుకుని, ఎక్కడో మంచు పడే ఊళ్ళో ఒక ముసలామె ఫోనెత్తి అన్నట్టే అంది.

"గ్జెషూ. ఇంటికి రా. అన్నం ఉంది, చెంచా ఉంది."

వల కోడిగుడ్డంత బరువెక్కింది. తిన్నగా వొచ్చింది, ఎటూ లాగలేదు. చొక్కాలో బోర్లించి ముడేసి తెచ్చి, హాల్లో చాప పక్కన, నిద్రపోతున్న సీతోన్ తల దగ్గర పెట్టింది. పక్కన ఎనిమిది కొత్త నూలు పోగులు పెట్టింది. ఏడు చాలు. ఎనిమిదోది ఎందుకు పెట్టిందో ఆమెనే అడగాలి.

పొద్దున కోడి కూసింది. ఖంబై ఆవేళ దానికంటే ముందు లేవలేదు. కావాలనే లేవలేదు. కళ్ళు తెరుచుకుని పడుకుంది. మెట్ల మీద ఎవరి అడుగులో దిగి, బాన దగ్గర ఒక్క క్షణం ఆగి, వెళ్ళాయి. తుయ్ గొంతులో చిన్నగా రంకె వేసింది. తరవాత ఊరవతల లస్కరు తలుపులెత్తిన చప్పుడు, కాలవలోకి నీళ్ళు దూకిన చప్పుడు వినపడ్డాయి. ఆమె లేచి బియ్యం ఆవిరికి పెట్టింది. అన్నం పొర్లించి బుట్టలో పెట్టింది. సాములు వొచ్చి వెళ్ళారు.

గుమ్మం దగ్గర దబ్బుమంది. పక్కింట్లో లముల్ కూరకుండ దించింది. పరంగోడు ఆ చొక్కా వేసుకుని, చేతికి ఏడు కొత్త పోగులతో, తల తడుముకుంటూ మెట్లు దిగొచ్చి, చుట్టూ చూసి, చెంచా అడిగాడు. ఉరై పరుగెత్తుకుంటూ వొచ్చి, చెంచా ఇవ్వడం మర్చిపోయి, వాడి చొక్కా పట్టుకుని నిలబడిపోయింది. ఖంబై బాన మీంచి కొలిచే పట్టీ తీసి తుడిచి వాడి చేతిలో పెట్టింది.

గేదెని విప్పుదామని వెళితే, దాని కొమ్ముకి ఒక తెల్లనూలు పోగు చుట్టి ఉంది. ఎడంచేత్తో వేసిన ముడి.

తెల్లారేసరికి సీతోన్ లేడు.